జ్యామితీయ సంభావ్యత: పొడవు ఎప్పుడు, వైశాల్యం ఎప్పుడు?

మీ ప్రశ్నలో మూడు నాలుగు సందేహాలు కలిసిపోయాయి కాబట్టి ముందు విడదీసి చెప్పుకుందాం. ఇద్దరు స్నేహితులు సాయంత్రం 5 నుంచి 6 మధ్య బస్టాండులో కలుద్దామనుకున్నారు. ఎవరు ముందొచ్చినా 15 నిమిషాలు చూసి వెళ్ళిపోతారు. వాళ్ళు కలుసుకునే సంభావ్యత ఎంత? మీరు 15/60 వేసి 1/4 అన్నారు, కీలో 7/16 ఉంది. రెండోది, వృత్తంలో యాదృచ్ఛికంగా ఒక బిందువు తీసుకుంటే అది వ్యాసార్థంలో సగం దూరం లోపలే ఉండే సంభావ్యత. మీకు 1/2 వచ్చింది, కీలో 1/4. మూడోది, ఎక్కడ పొడవు తీసుకోవాలో ఎక్కడ వైశాల్యం తీసుకోవాలో అసలు ఎలా తెలుస్తుంది అని. చివర్లో "స్నేహితులు ముగ్గురైతే?" అని కూడా ఒక మాట వదిలారు.

రెండు చోట్లా కీ కరెక్టే. జవాబు ఇదీ:

లెక్కలో ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మారే సంఖ్యలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒకటైతే పొడవు. రెండైతే వైశాల్యం. మూడైతే ఘనపరిమాణం.

ఇద్దరు మనుషులు, ఇద్దరికీ చెరొక టైము. అంటే మారే సంఖ్యలు రెండు. కాబట్టి వైశాల్యం. వృత్తంలో బిందువుకు అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని రెండు సంఖ్యలు కావాలి. అక్కడా వైశాల్యమే. ఈ సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, చెరకు గడ లెక్క దగ్గర చెబుతాను.

నేను 22 ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఏటా ఈ తప్పు చూస్తాను. తప్పు కూడికలోనో భాగహారంలోనో ఉండదు, పెన్ను కాగితం మీద పెట్టకముందే జరిగిపోతుంది. ప్రశ్నలో 15, 60 కనబడగానే చెయ్యి దానంతట అదే 15/60 రాసేస్తుంది. పిల్లల్ని కూడా అనలేం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో మ్యూజికల్ చెయిర్స్ లెక్క ఒకటుంది: పాట రెండు నిమిషాల లోపు ఎప్పుడైనా ఆగొచ్చు, మొదటి అర నిమిషంలోనే ఆగే సంభావ్యత ఎంత? అరను రెండుతో భాగిస్తే 1/4. ఆ పక్కనే హెలికాప్టర్ లెక్క: 9 కిలోమీటర్లు, 4.5 కిలోమీటర్ల దీర్ఘచతురస్రంలో ఎక్కడో కూలింది, అందులో 3 కిలోమీటర్లు, 2.5 కిలోమీటర్ల సరస్సు ఉంది, సరస్సులో కూలిన సంభావ్యత 7.5/40.5, అంటే 5/27. మొదటిది పొడవు, రెండోది వైశాల్యం, రెండూ పక్కపక్కనే. కానీ వాటికి నక్షత్రం గుర్తు (*) పెట్టి, పరీక్షల కోసం కాదని రాశారు. ఆ ముక్క చూశాక ఇంకెవరు చదువుతారు? నేరుగా పోటీ పరీక్షల మెటీరియల్‌లో మళ్ళీ ఎదురయ్యేసరికి టెన్షన్.

మీ 1/4 ఎక్కడి నుంచి వచ్చింది

అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. మొదటి స్నేహితుడు సరిగ్గా 5 గంటలకు వచ్చాడనుకోండి. రెండోవాడు 5 నుంచి 5:15 లోపు వస్తే కలుస్తారు. 15/60, మీ 1/4 అదే. ఇప్పుడు మొదటివాడు 5:30కి వచ్చాడనుకోండి. రెండోవాడు 5:15కి వచ్చి ఉంటే 5:30 దాకా చూస్తాడు కాబట్టి దొరుకుతాడు. 5:45కి వచ్చినా దొరుకుతాడు. అంటే 30 నిమిషాల వెసులుబాటు, సంభావ్యత 1/2. మొదటివాడు 5:05కి వస్తే? రెండోవాడికి 5 నుంచి 5:20 దాకా, 20 నిమిషాలు.

చూశారా, మొదటివాడు ఎప్పుడొచ్చాడన్నదాన్ని బట్టి జవాబు 1/4 నుంచి 1/2 మధ్య మారుతోంది. మీరు ఒక చివర దగ్గర ఆగిపోయారు, అంతే. మొదటివాడి గంటనంతా లెక్కలోకి తీసుకుని సగటు కట్టాలి. మొదటి 15 నిమిషాల్లో ఆ వెసులుబాటు 15 నుంచి 30కి పెరుగుతుంది, సగటు 22.5. మధ్యలో 30 నిమిషాల పాటు నిలకడగా 30. చివరి 15 నిమిషాల్లో 30 నుంచి 15కి తగ్గుతుంది, మళ్ళీ 22.5. మొత్తం సగటు 26.25 నిమిషాలు. దాన్ని 60తో భాగిస్తే 0.4375, అదే 7/16.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనం చేసింది పొడవుల సగటు. పొడవుల్ని పక్కపక్కన పేర్చి కలిపితే వచ్చేది వైశాల్యమే కదా. వైశాల్యం పద్ధతి కొత్త సూత్రమేమీ కాదు, ఈ సగటును ఒక్క బొమ్మలో కానిచ్చేయడం.

ఆ బొమ్మ క్లాసులో ఇలా గీయిస్తాను. గ్రాఫ్ పేపర్ మీద 6 సెంటీమీటర్ల చదరం, సెంటీమీటరుకు 10 నిమిషాలు. అడ్డంగా ఒకరి టైము, నిలువుగా ఇంకొకరిది. చదరంలో ప్రతి చుక్కా ఒక సాయంత్రం. ఇద్దరూ ఒకే క్షణంలో వచ్చే సాయంత్రాలన్నీ ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు పోయే కర్ణం మీద ఉంటాయి. 15 నిమిషాల తేడా దాకా పరవాలేదు కాబట్టి ఆ కర్ణానికి అటూ ఇటూ ఒక పట్టీ. పట్టీ బయట రెండు మూలల్లో రెండు త్రిభుజాలు మిగులుతాయి, భుజాలు 4.5 సెంటీమీటర్లు. ఆ రెంటినీ కత్తెరతో కత్తిరించి కర్ణాలు కలిసేలా పక్కపక్కన పెట్టమంటాను. 4.5 సెంటీమీటర్ల చదరం వస్తుంది. వాళ్ళు కలవని సాయంత్రాలన్నీ ఆ చిన్న చదరంలో ఉన్నాయి. 36లోంచి 20.25 తీసేస్తే 15.75. దాన్ని 36తో భాగిస్తే 7/16. సమాకలనం (ఇంటిగ్రేషన్) అక్కర్లేదు.

ఈ బొమ్మ ఒకసారి చేతికి పట్టుబడితే ప్రశ్నను ఎలా తిప్పినా భయం ఉండదు. ఒకడు 10 నిమిషాలే ఆగుతాడు, ఇంకొకడు 20 నిమిషాలు ఆగుతాడు అంటే? త్రిభుజాలు రెండూ సమానంగా ఉండవు, ఒకదాని భుజం 50 నిమిషాలు, ఇంకొకదానిది 40. వైశాల్యాలు 1250, 800. మొత్తం 2050 పోగా 3600లో 1550 మిగిలింది. జవాబు 31/72, సుమారు 0.43. ఇద్దరి ఓపికా కలిపితే మొదటి లెక్కలోలాగే 30 నిమిషాలే, కానీ సంభావ్యత కాస్త తగ్గింది.

ఈ లెక్క నిజ జీవితంలో ఎక్కడ తప్పుతుంది

ప్రశ్నలో "యాదృచ్ఛికంగా" అనే మాట ఉంటే చాలామంది దాన్ని అలంకారంలా చదివి దాటేస్తారు. లెక్కంతా దాని మీదే నిలబడి ఉంది. గంటలో ఏ నిమిషానికైనా సమానమైన అవకాశం అని దాని అర్థం. మనవాళ్ళు ఐదింటికి రమ్మంటే ఐదున్నరకు గానీ కదలరు కదా. ఇద్దరూ ఎప్పుడూ 5:30 నుంచి 6 మధ్యలోనే వచ్చే రకం అనుకోండి. చదరం 30 బై 30కి కుదించుకుపోతుంది, వైశాల్యం 900. కలవని మూలలు రెండూ కలిపి 15 బై 15, అంటే 225. సంభావ్యత 675/900, ఏకంగా 3/4. ఓపిక అదే 15 నిమిషాలు, మారింది వచ్చే అలవాటు మాత్రమే.

ఇంకో షరతు, ఒకరి రాకకూ ఇంకొకరి రాకకూ సంబంధం ఉండకూడదు. ఇద్దరూ ఒకే ఊరి నుంచి ఒకే బస్సులో వస్తే చుక్కలన్నీ కర్ణం మీదే పడతాయి, చదరంలో మిగతా చోటంతా ఖాళీ. అప్పుడు వైశాల్యం కొలిచి లాభం లేదు. "బయల్దేరావా?" అని ఒక్క ఫోన్ చేసుకున్నా అంతే.

పొడవు సరిపోయే చోట కూడా ఒక చిక్కుంది

ప్రతి 20 నిమిషాలకు బస్సు ఉంది, మీరు ఎప్పుడో ఒకప్పుడు స్టాపుకు వెళ్ళారు, 5 నిమిషాల లోపు బస్సు దొరికే సంభావ్యత 5/20. ఇందులో ఏమీ లేదు. కానీ కుర్రాడిగా ఉన్నప్పుడు నన్ను ఏడిపించిన లెక్క ఇంకొకటుంది. మా ఊరి రూట్లో బస్సులు జంటగా వచ్చేవి. ఒకటి పోయిన పది నిమిషాలకు ఇంకొకటి, ఆ తర్వాత 50 నిమిషాలు రోడ్డు ఖాళీ. గంటకు రెండు బస్సులు, అంటే సగటు ఎడం 30 నిమిషాలు. ఆ లెక్కన సగటున 15 నిమిషాలు నిలబడితే చాలు. కానీ నేను ఎప్పుడెళ్ళినా అంతకంటే ఎక్కువే నిలబడేవాణ్ని. నా జాతకం అనుకునేవాణ్ని.

జాతకం కాదు, పొడవు. 60 నిమిషాల గీత గీసి అందులో 10, 50 ముక్కలు చేయండి. మీరు ఎక్కడో ఒకచోట పడతారు. పొడుగు ముక్కలో పడే సంభావ్యత 50/60, పొట్టి ముక్కలో పడేది 10/60. పొడుగు ముక్కలో పడితే సగటున 25 నిమిషాలు చూడాలి, పొట్టి దాంట్లో 5. మొత్తం మీద 25 × 5/6 + 5 × 1/6, అంటే 21 నిమిషాల 40 సెకన్లు. టైంటేబుల్ వేసేవాళ్ళు ఎడాల సగటు చూస్తారు. స్టాపులో నిలబడ్డవాడికి పొడుగు ఎడమే ఎక్కువ తగులుతుంది. సగటు ఎడం 30 నిమిషాలన్నది అబద్ధమేమీ కాదు, కాకపోతే నా కాళ్ళ నొప్పికి దానితో సంబంధం లేదు.

పొడవు దగ్గరే పిల్లలు అడిగే ఇంకో చిన్న సందేహం: "15 నిమిషాల లోపు" అనాలా, "15 నిమిషాలు లేదా అంతకు తక్కువ" అనాలా? ఇక్కడ ఏదైనా ఒకటే. ఒక బిందువుకు పొడవు సున్నా, ఒక గీతకు వైశాల్యం సున్నా. అందుకే సరిగ్గా 5:10:00కి రావడం అనే ఘటన సంభావ్యత సున్నా. సున్నా అంటే జరగదని కాదు. వచ్చేవాడు ఏదో ఒక క్షణంలో వస్తాడు, ఆ క్షణానికి విడిగా ఉన్న సంభావ్యత కూడా సున్నాయే. పాచికల లెక్కలకు అలవాటు పడ్డ బుర్రకు ఇది ఎక్కడానికి రెండు రోజులు పడుతుంది, కంగారు పడకండి.

వృత్తం, అంటే దోశ

మీ రెండో సందేహం. పెనం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో దోశ వేశారు. మధ్యలో 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఇంకో గుండ్రం గీశారు. లోపలి గుండ్రంలో ఉన్న పిండి మొత్తం పిండిలో ఎంత? సగం కాదు, పావు. π × 25ని π × 100తో భాగిస్తే 1/4. చుట్టూ ఉన్న ఉంగరం లాంటి భాగంలో మూడు పావులు ఉంది. ఆవగింజ ఒకటి ఎక్కడో పడితే అది లోపల పడే సంభావ్యత కూడా 1/4. సగం పిండి కావాలంటే లోపలి వ్యాసార్థం 7.07 సెంటీమీటర్లు ఉండాలి.

మీరు 1/2 వేసినప్పుడు తెలియకుండానే ఒక ఊహ చేశారు: కేంద్రం నుంచి దూరం 0 నుంచి 10 దాకా సమానంగా పంచబడి ఉంటుందని. నా దగ్గర చదివి ఇప్పుడు ఇంజనీరింగ్‌లో ఉన్న ఒక అబ్బాయి సరిగ్గా ఇదే తప్పు పైథాన్‌లో చేశాడు. వృత్తంలో చుక్కలు పెట్టడానికి కోణం ఒక రాండమ్ సంఖ్య, దూరం ఒక రాండమ్ సంఖ్య తీసుకున్నాడు. స్క్రీన్ మీద చూస్తే మధ్యలో చీమలు మూగినట్టు నల్లగా ఉంది, అంచుల్లో పలచన. ప్రోగ్రాం తప్పని గంటసేపు వెతికాడట. ప్రోగ్రాం బాగానే ఉంది. దూరానికి రాండమ్ సంఖ్య బదులు దాని వర్గమూలం వాడితే చుక్కలు సమంగా పరుచుకుంటాయి. 0 నుంచి 1 మధ్య సంఖ్యకు వర్గమూలం తీస్తే అది కాస్త పెరిగి అంచువైపు జరుగుతుంది, అదీ సంగతి.

కాబట్టి ఎన్ని సంఖ్యలు అని లెక్కపెట్టడం సగం పనే. ఏది సమంగా పంచబడిందో తేల్చుకోవడం మిగతా సగం. దీనికి పరాకాష్ఠ 1889లో ఫ్రెంచి గణితజ్ఞుడు బెర్ట్రాండ్ ఇచ్చిన చిక్కు. వృత్తంలో యాదృచ్ఛికంగా ఒక జ్యా (పరిధి మీది రెండు బిందువుల్ని కలిపే గీత) గీస్తే, లోపల గీసిన సమబాహు త్రిభుజం భుజం కంటే అది పొడవుగా ఉండే సంభావ్యత ఎంత? జ్యా కొసలు రెంటినీ పరిధి మీద సమంగా తీసుకుంటే 1/3. కేంద్రం నుంచి జ్యా దూరాన్ని సమంగా తీసుకుంటే 1/2. జ్యా మధ్యబిందువును వృత్త వైశాల్యంలో సమంగా తీసుకుంటే 1/4. మూడూ సరైన లెక్కలే. ప్రశ్నే అసంపూర్ణం. పరీక్షలో ఇలాంటిది వస్తే జ్యాను ఎలా ఎంచారో ఒకటికి రెండుసార్లు చదవండి. అది చెప్పకపోతే ప్రశ్న తయారు చేసినవాళ్ళ తప్పు, మీది కాదు.

వస్తువును వదిలేసి దాని కేంద్రాన్ని పట్టుకోండి

వైశాల్యం లెక్కల్లో నాకు బాగా ఇష్టమైన రకం ఇది. నాణేన్ని గళ్ళ నేల మీద విసిరితే అది ఏ గీతనూ తాకకుండా ఉండే సంభావ్యత ఎంత? ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్ 1733లో పారిస్ అకాడమీ ముందు పెట్టిన లెక్క ఇది, అచ్చయింది 1777లో. నాణెం ఆకారం చూస్తే కంగారు పుడుతుంది. కేంద్రాన్ని మాత్రం చూస్తే, అది ప్రతి గీతకూ నాణెం వ్యాసార్థమంత దూరంలో ఉంటే చాలు. అంటే గడిలోపల ఇంకో చిన్న గడి.

మన పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఇంట్లో 60 సెంటీమీటర్ల టైల్స్ ఉంటే లోపలి చదరం భుజం 57.3. నిష్పత్తి 0.955, దాని వర్గం సుమారు 0.91. వందలో 91 సార్లు గీత తగలదు. ఇందులో ఆట లేదు. అదే చార్టు మీద 9.2 సెంటీమీటర్ల గళ్ళు గీస్తే లోపలి చదరం భుజం 6.5, నిష్పత్తి వర్గం 0.499. దాదాపు బొమ్మా బొరుసూ. నేను క్లాసులో ఈ చార్టు నేల మీద పరిచి పిల్లల్ని రెండు జట్లు చేస్తాను. నాణెం దొర్లి చార్టు దాటిపోతే ఆ విసురు లెక్కలోకి రాదు. దగ్గరగా వంగి నెమ్మదిగా వదిలేవాడిని మాత్రం వెనక్కి పంపిస్తాను, ఎందుకంటే గురి చూసి వేస్తే వైశాల్యానికి అర్థం లేదు. క్యారమ్ బోర్డు మీద పాకెట్ల వైశాల్యం కొలిచి కాయిన్ పడే సంభావ్యత చెప్పలేం, అందుకే.

ఈ కేంద్రం చిట్కాతోనే తిరునాళ్ళలో రింగులాట గుట్టు బయటపడుతుంది. గుండ్రటి అడుగున్న బొమ్మ, అడుగు వ్యాసం 9 సెంటీమీటర్లు. రింగు లోపలి వ్యాసం 11. చూడ్డానికి 2 సెంటీమీటర్లు వదులుగా ఉంది, పడుతుందిలే అనిపిస్తుంది. కానీ రింగు కేంద్రం బొమ్మ కేంద్రానికి 1 సెంటీమీటరు లోపు రావాలి. అనుకూల వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. బొమ్మలు అడ్డంగా నిలువుగా 30 సెంటీమీటర్లకు ఒకటి ఉంటే ఒక్కో బొమ్మ వంతు 900 చదరపు సెంటీమీటర్లు. గురి లేకుండా విసిరితే సంభావ్యత 0.35 శాతం, సుమారు 286 రింగులకు ఒకటి. రింగు ఏటవాలుగా తగిలి జారిపోవడం లెక్కేయకుండానే ఇది. మీరు గురిగా వేస్తారు కాబట్టి ఇంతకంటే మెరుగే, కాకపోతే 30 సెంటీమీటర్ల తేడాతో తగిలే గురి చాలదు, 1 సెంటీమీటరు తేడా లోపు తగిలే గురి కావాలి. రింగును 13 సెంటీమీటర్లు చేస్తే వదులు రెట్టింపు, సంభావ్యత నాలుగు రెట్లు. దుకాణంవాడికి ఈ వర్గం సంగతి ఏ పుస్తకమూ చెప్పకపోయినా బాగా తెలుసు.

బుఫాన్ సూది లెక్క కూడా ఇంటర్నెట్‌లో మీకు కనబడే ఉంటుంది. సమాన ఎడంతో గీసిన గీతల మీద సూది పడితే గీతను తాకే సంభావ్యత. ఇక్కడ మారే సంఖ్యలు రెండు: సూది మధ్యబిందువు దగ్గరి గీతకు ఎంత దూరం, సూది ఏ కోణంలో ఉంది. కాబట్టి దూరం ఒక భుజంగా, కోణం ఒక భుజంగా దీర్ఘచతురస్రం గీయాలి. నేల మీది వైశాల్యం కాదని గమనించండి, కాగితం మీది వైశాల్యం. సూది పొడవూ గీతల ఎడమూ రెండూ 1 అయితే దీర్ఘచతురస్రం వైశాల్యం π/4, అందులో సైన్ వక్రం కింది భాగం 1/2. సంభావ్యత 2/π, సుమారు 0.64. దీన్ని తిరగేసి సూదులు విసిరి π విలువ కట్టొచ్చు. 1901లో లాజరీని అనే ఇటలీ ఆయన, గీతల ఎడంలో 5/6 వంతు పొడవున్న సూదిని 3408 సార్లు విసిరి 355/113 సాధించానన్నాడు, ఆరు దశాంశ స్థానాల దాకా సరైన విలువ. 1808 సార్లు తగిలాయట. ఒక్కటంటే ఒక్క సూది ఎక్కువ తగిలి ఉంటే జవాబు 3.1399కి పడిపోయేది. ఎక్కడ ఆపాలో ముందే చూసుకుని ఆపాడని చాలామంది అనుమానం, నాదీ అదే.

చెరకు గడ: సూత్రం తప్పే చోటు

ముందు చెప్పిన మినహాయింపు ఇదే. ఒక చెరకు గడ మీద యాదృచ్ఛికంగా రెండు చోట్ల గుర్తు పెట్టి నరికితే మూడు ముక్కలతో త్రిభుజం వచ్చే సంభావ్యత ఎంత? ఏ ముక్కా సగం గడ కంటే పొడవు ఉండకూడదు. గుర్తులు రెండూ స్వేచ్ఛగా మారతాయి, చదరం గీయొచ్చు. అనుకూల భాగం రెండు చిన్న త్రిభుజాలు, ఒక్కోటి చదరంలో ఎనిమిదో వంతు. జవాబు 1/4.

ఇప్పుడు ప్రశ్న కొంచెం మారుద్దాం. ముందు ఒకచోట నరికారు, తర్వాత వచ్చిన రెండు ముక్కల్లో పొడుగుదాన్ని తీసుకుని మళ్ళీ యాదృచ్ఛికంగా నరికారు. ఇప్పుడూ మారే సంఖ్యలు రెండే. కానీ రెండో దెబ్బ ఎక్కడ పడొచ్చో మొదటి దెబ్బ నిర్ణయిస్తోంది. మొదటి ముక్క పొట్టిగా ఉంటే రెండో దెబ్బ ఎక్కువ పొడవులో పలచగా పరుచుకుంటుంది, సగానికి దగ్గరగా ఉంటే తక్కువ పొడవులో చిక్కగా ఉంటుంది. బొమ్మ గీసినా అందులో అన్ని చోట్లా ఒకే సాంద్రత ఉండదు, కాబట్టి ఉత్త వైశాల్యాలు భాగిస్తే తప్పు. మళ్ళీ పొడవుల సగటుకే వెళ్ళాలి. పొట్టి ముక్క పొడవు ఎంతో, పొడుగు ముక్క మీద అనుకూలమైన చోటు కూడా సరిగ్గా అంతే. పొట్టిని పొడుగుతో భాగించిన నిష్పత్తికి, పొట్టి ముక్క 0 నుంచి సగం దాకా మారుతుండగా, సగటు కట్టాలి. మీకు ఇంటర్ రెండో సంవత్సరంలో సమాకలనం ఉంది కాబట్టి చేయగలరు. 2 సహజ లాగ్ 2 మైనస్ 1 వస్తుంది, 0.386. పొడుగు ముక్కనే ఎంచి నరికాం కనక 1/4 కంటే పెరగడం సహజమే.

సొంతంగా సరిచూసుకోవాలంటే కంప్యూటర్ మీద పది లైన్ల ప్రోగ్రాం చాలు. బస్టాండు లెక్కను 10,000 సార్లు నడిపితే 0.4375కి అటూ ఇటూ 0.005 తేడాతో రావడం మామూలు. 0.45 దాటితే ప్రోగ్రాంలో ఏదో తేడా ఉందేమో అని అనుమానించాలి. ఇంకో దశాంశ స్థానం కచ్చితంగా కావాలంటే వంద రెట్లు ఎక్కువసార్లు నడపాలి, కాబట్టి దీంతో జవాబు సరిచూడొచ్చు గానీ 7/16 అనే భిన్నాన్ని కనుక్కోవడం కష్టం.

ఇక ముగ్గురు స్నేహితులు. మూడు టైములు, చదరం బదులు ఘనం. బొమ్మ గీయడం కష్టం కాబట్టి నేను ఇలా చేస్తాను. అందరికంటే ముందు వచ్చేది ఎవరు? ముగ్గురిలో ఎవరైనా కావచ్చు, మూడు దారులు. ఆ మొదటివాడు 5:45 లోపు వస్తే, ఆ సంభావ్యత 3/4, మిగతా ఇద్దరూ ఆ తర్వాతి 15 నిమిషాల్లోనే రావాలి, 1/4 × 1/4. మూడు దారులూ కలిపితే 3 × 3/4 × 1/16, అంటే 9/64. మొదటివాడే 5:45 తర్వాత వస్తే ముగ్గురూ చివరి 15 నిమిషాల్లో ఉన్నట్టే, ఎలాగూ కలుస్తారు, అది 1/64. మొత్తం 10/64, అంటే 5/32. ఇద్దరున్నప్పుడు 0.44 ఉన్నది 0.16కి పడిపోయింది.

ఇదే దారిలో ఇద్దరికి చేసి చూడండి, 2 × 3/4 × 1/4కి 1/16 కలిపితే మళ్ళీ 7/16 వస్తుంది. నలుగురికి మీరే చేసి కింద రాయండి. 13/256 వస్తే దారి పట్టినట్టే. రాకపోతే మీరు వేసిన స్టెప్పులు పెట్టండి, ఎక్కడ జారిందో చూస్తాను.